తెల్లబియ్యపు మోజు

ప్రభుత్వములు మాఱినప్పుడు ప్రజలు సభలు గావింతురు. పన్నులు పెరిగినప్పుడు పత్రికలు వ్యాసములు వ్రాయును. సరిహద్దులు మాఱినప్పుడు శాసనసభలు దద్దరిల్లును. విస్తరిలోని యన్నము మాఱినప్పుడు మాత్రము పలుకువాడుండడు. ఆ మార్పునకు శాసనము లేదు, తీర్మానము లేదు, చర్చ లేదు. తాత తినినదానిని తండ్రి మానుటయు, తండ్రి తినినదానిని కుమారుడు మఱచుటయు నిశ్శబ్దముగ జరిగిపోవును. దాని ఫలము తరువాతి తరమువారికి వైద్యశాలల వాకిళ్ళయందు గనబడును. గడచిన నూటడెబ్బది సంవత్సరములలో తెలుగుదేశమున నిట్టి మార్పొకటి జరిగినది. అనేక ధాన్యములు తినుచుండిన ప్రజ యొక్క ధాన్యమునకు దిగినది. ఆ యొక్క ధాన్యమును గూడ పొరలన్నియు నూడ్చి తెల్లజేసికొని తినుచున్నది. దీనిని మేము కేవలము వైద్యవిషయముగ దలపము. మర్యాద యనగా నేమియో మనము చేసికొనిన నిర్ణయమే దీనికి మూలము. కాన దీని చికిత్సయు మర్యాదస్థుల యిండ్లనుండియే యారంభము కావలెనని మా యభిప్రాయము.

ధవళేశ్వరమువద్ద గోదావరి యానకట్ట 1852లోను, విజయవాడవద్ద కృష్ణ యానకట్ట 1855లోను ముగిసినవి. అంతకు బూర్వము తెలుగుదేశమున వరి లేకపోలేదు. చెరువులక్రిందను, ఏటికాలువలక్రిందను అది పండుచునే యుండెను. కాని యెల్లవారికి నెల్లదినములయందు నది యాహారము కాదు. పల్నాటను, తెలంగాణమునను జొన్నరొట్టెయు, గటకయు. రాయలసీమలో రాగిసంకటియు, కొఱ్ఱన్నమును. ఉత్తరాంధ్రమున చోడి యంబలియు. మెట్టపొలముల ప్రాంతములయందు సజ్జ, వరిగ, సామ, ఆరికలును ప్రజలను బోషించుచుండెను. వరియన్నము పండుగనాటి వంటకముగను, చుట్టములు వచ్చిననాటి గౌరవముగను పెక్కిండ్ల నుండెను. శ్రీనాథుని పేర లోకమున వ్యాపించిన చాటువులలో పల్నాటి జొన్నకూటిని పరిహసించునవి కలవు. ఆ పద్యములు నిజముగ నా మహాకవివి యైనను గాకపోయినను, సన్నన్నము తినువాడు పైమెట్టువాడు, జొన్నకూడు తినువాడు క్రిందిమెట్టువాడు అను భావము మనలో నెంత పాతదియో వానివలన దెలియుచున్నది.

ఆనకట్టలవలన డెల్టాలలో వరి విస్తరించెను. 1967లో నాగార్జునసాగరపు నీరు కాలువలకు వదలబడగా మెట్టచేలు పెక్కులు మాగాణులైనవి. తరువాత గొట్టపుబావులును, విద్యుత్తు మోటార్లును నీరులేనిచోటగూడ వరిని నిలిపినవి. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండురూపాయలకు బియ్యమును చౌకదుకాణములద్వారా పంచనారంభించుటతో, తరతరములుగ పండుగనాడు మాత్రమే వరియన్నము చూచిన కూలివాని కుటుంబమున కది ప్రతిదిన భోజనమైనది. ఇది సామాన్యమైన మేలు కాదు. ఆకలిని జూడనివారు మాత్రమే యీ మేలును దక్కువగ మాటలాడగలరు. వరి వచ్చుట దోషమని మేమనుట లేదు. వరితో పాటు వచ్చిన రెండు విషయములు దోషములు: మొదటిది, తక్కిన ధాన్యములు పోవుట, రెండవది, వరియందలి సారము పోవుట.

సారము పోవుట యెట్లో యోచింతము. వడ్లగింజకు పైన ఊక యుండును. ఊక తీయగా మిగులు గింజపై సన్నని పొరలును, ఒకచివర మొలకయు నుండును. రోటిలో దంచినప్పుడు ఊక పోయి, పొరలలో గొంతభాగము గింజను బట్టుకొనియే యుండును. అదియే దంపుడుబియ్యము. మర యీ పొరలను, మొలకను పూర్తిగ నొరసివేసి, లోపలి పిండిపదార్థమును ముత్యమువలె మెఱయజేయును. ఒరసివేసిన తవుడు గేదెలకును, నూనె మరలకును బోవును. మెఱుగు మనకును, బలము గేదెకును దక్కునట్లు పంపకము జరుగుచున్నదన్నమాట.

హైదరాబాదులోని పోషకాహార సంస్థవారు ప్రకటించిన యాహారపట్టికలను జూచిన నీ పంపకపు లెక్క తేలును. నూఱు గ్రాముల దంపుడు పచ్చిబియ్యములో బి-1 విటమిను 0.21 మిల్లీగ్రాము లుండగా, మరపట్టిన పచ్చిబియ్యములో 0.06 మాత్రమే కలదు. అనగా నాలుగింట మూడుపాళ్ళకు దగ్గఱగ బోయినది. ఆ మిగిలినదానిని గూడ మూడునాలుగు నీళ్ళు గడిగి, గంజి వార్చి పాఱబోయు నలవాటు మనలో జిరకాల ముండెను. అదే పట్టికలలో నూఱు గ్రాముల రాగులలో సున్నము 344 మిల్లీగ్రాములును, మరబియ్యములో 10 మిల్లీగ్రాములును గనబడుచున్నవి. ఏ తల్లి యే బిడ్డ కేది పెట్టవలెనో చెప్పుట కింతకంటె నుపన్యాస మక్కఱలేదు.

ఈ సంగతి నేడు క్రొత్తగ కనుగొనబడినది కాదు. 1890 ప్రాంతమున జావాద్వీపములో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, మెఱుగుబియ్యము తినిన కోళ్ళకు కాళ్ళు పడిపోవుటను, తవుడు గలిసిన బియ్యము పెట్టగనే యవి కోలుకొనుటను గనిపెట్టెను. మనుష్యులకు వచ్చు బెరిబెరి వ్యాధి యట్టిదే. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, తుదకు గుండె దుర్బలమగును. ఐక్‌మన్ పండితునకు 1929లో నోబెలు బహుమానము లభించెను. మన యుత్తరసర్కారులయందే బెరిబెరి పేరుమోసి యుండుట యెంద ఱెఱుగుదురు? 1918లో కూనూరులో మెక్కారిసన్ దొర యొక గదిలో నారంభించిన పరిశోధన యీ బెరిబెరిని గూర్చినదే. ఆ చిన్న పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు దరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరొందినది. మన దేశపు పోషకాహారశాస్త్రమునకు పునాది వేసినది మన విస్తరిలోని తెల్లబియ్యమే యనుట యతిశయోక్తి గాదు.

అప్పటి పరిశోధనలలో మఱియొక విశేషము తేలినది. ఉప్పుడుబియ్యము తిను ప్రజలలో నీ వ్యాధి యరుదు. వడ్లను నానవైచి యావిరిపై నుడికించునప్పుడు పొరలలోని సారము కొంత గింజలోనికి దిగును; పిదప మరపట్టినను నది పూర్తిగ బోదు. పై పట్టికలలో మరపట్టిన యుప్పుడుబియ్యమునకును బి-1 విటమిను 0.21 గనే కలదు. కేరళమువా రీ బియ్యమునే నేటికిని ప్రీతితో భుజింతురు. మన తెలంగాణపు మరలు యాసంగి వడ్లను ఉప్పుడుబియ్యముగ జేసి పొరుగురాష్ట్రములకు బంపుచుండెను. 2021లో ఇక నీ బియ్యమును దీసికొనజాలమని కేంద్రము చెప్పగా నెంతటి రాజకీయ కలహము చెలరేగినదో పాఠకులకు జ్ఞాపకముండును. ఆ కలహమున నిరుపక్షములును ధర గూర్చియు, గోదాముల గూర్చియు వాదించెనే కాని, మనము పండించి మనము వండిన యీ బియ్యమును మనమేల తినకూడదని యడిగినవారు మాకు వినబడలేదు.

1934లో గాంధీమహాత్ముడు అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును నెలకొల్పి, దంపుడుబియ్యమును, బెల్లమును, గానుగనూనెను ఖద్దరుతో సమానముగ బోధించెను. కుమారప్పగారు దానికి శాస్త్రరీతిని, ఆర్థికరీతిని సమర్థన గావించిరి. స్వాతంత్ర్యానంతరము 1958లో బియ్యపుమరల నదుపుచేయుటకు కేంద్రశాసన మొకటి వచ్చెను. ఖద్దరును గట్టిన దేశభక్తులే దంపుడన్నమునకు మాత్రము మొగము ద్రిప్పుకొనిరి. వస్త్రము నలుగురు చూతురు. అన్నము నాలుక యెఱుగును. అంతియే కాదు. తెల్లని యన్నము సంపదకు గుఱుతైనది. పెండ్లిపంక్తిలో మల్లెపూవువంటి యన్నము వడ్డింపకున్న వియ్యపువారు మాట పడవలసి వచ్చును. మహాత్ముని బోధయు, ప్రభుత్వ శాసనమును ఈ యొక్క లోకాభిప్రాయముముందు నిలువజాలకపోయెను.

నేడు బెరిబెరి యంతగా వినబడుట లేదు. కూరగాయలు, పప్పులు, పాలు కొంత పెరిగినవి. గంజి వార్చుటయు దగ్గినది. కాని యొక శత్రువు వెడలిన ద్వారముననే మఱియొకడు ప్రవేశించినాడు. భారత వైద్యపరిశోధన మండలివారి సహాయముతో జరిగిన దేశవ్యాప్త సర్వేక్షణ ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. వాని ప్రకారము దేశమున 10 కోట్లకు మించినవారు మధుమేహముతో నున్నారు. దాని గడపయందు నిలిచినవారు మఱి 13 కోట్ల 60 లక్షలు. ఇరువదియొక్క దేశములలో లక్షముప్పదివేలకు మించిన జనులను బరిశీలించి 2020లో వెలువరించిన మఱియొక గ్రంథములో, రోజునకు 450 గ్రాములు గాని యంతకు మించి గాని తెల్లన్నము తినువారికి, 150 గ్రాములకు లోపుగ దినువారికంటె మధుమేహము హెచ్చుగ వచ్చుచున్నదనియు, ఆ హెచ్చు దక్షిణాసియాలోనే యత్యధికమనియు దేలినది. ఆ పరిశీలనలో దక్షిణాసియావాసులు దినము తినునది సుమారు 630 గ్రాముల యన్నము!

ఈ వ్యాధి నిదానమును మన పూర్వు లెఱుగకపోలేదు. ప్రమేహమునకు గారణములు చెప్పుచు చరకుడు సుఖాసనమును, సుఖనిద్రను, పెరుగును, పాలను, క్రొత్తధాన్యమును, బెల్లపువంటకములను లెక్కించెను; పథ్యముగ యవధాన్యమును విధించెను. మొదట గూర్చుండు సుఖమును బేర్కొనుట గమనింపదగినది. మన తాతలు రెండుపూటల గంపెడన్నము తినియు నారోగ్యవంతులుగ నుండిరి గదా యని వాదించువా రీ యొక్క మాటను మఱతురు. తాత నాగలిపట్టి, మోటతోలి, పొరుగూరి సంతకు నడచిపోయి తినినాడు. మనుమడు ట్రాక్టరును కౌలువాని కప్పగించి, మోటారుసైకిలుపై బజారునకు బోయి, కుర్చీలో గూర్చుండి, తొలిజామున నిడ్లీలును, మధ్యాహ్నమున నన్నమును, సాయంకాలమున బజ్జీలును, రాత్రి పదిగంటలకు మరల నన్నమును దినుచున్నాడు. శ్రమ తగ్గినది, ముద్ద తగ్గలేదు. తగ్గకపోగా దాని సారము పోయి, శీఘ్రముగ రక్తమున జక్కెరయగు గుణము పెరిగినది.

అట్లయిన తెల్లబియ్యము మాని కొఱ్ఱలు వండుకొనిన జాలునా? ఇచ్చట మేము జాగ్రత్తగ మాటలాడ దలచినాము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల వత్సరముగ బ్రకటించినప్పటినుండి యవి సర్వరోగనివారణులని చాటు వ్యాపారులు బయలుదేరినారు. కాని పైన జెప్పిన మన సర్వేక్షకులే 2025లో ప్రకటించిన లెక్కలలో, మనవా రాహారశక్తిలో నూటికి 62 పాళ్ళు పిండిపదార్థములనుండియే పొందుచున్నారనియు, తెల్లబియ్యమునకు బదులు చిరుధాన్యపు పిండినో, గోధుమపిండినో యంతే పరిమాణమున దినిన మధుమేహభయము తగ్గదనియు, పిండి తగ్గించి యా చోట పప్పును, పాలను జేర్చిననే తగ్గునట్లు గనబడుచున్నదనియు జెప్పిరి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదలచేసిన సూచనలును నిదే మార్గమును జూపుచున్నవి. రెండువేల కెలోరీల దినాహారమున ధాన్యము 250 గ్రాములు, పప్పుదినుసులు 85 గ్రాములు, కూరలు 400 గ్రాములు ఉండవలెనని వారి మాట. కావున ధర్మము మూడు విధములు: ముద్ద తగ్గవలెను; మిగిలిన ముద్దలో పొర యుండవలెను; ఖాళీయైన చోట పప్పును, కూరయు నిండవలెను.

ఇందుల కాక్షేపణలు లేకపోలేదు. మొదటిది గౌరవమైనది. “తరతరములు మాకు జొన్నయంబలి పోసి మీరు సన్నన్నము తింటిరి, నేడు మాకు వరియన్నము దొరకగనే యంబలి గొప్పదని బోధింతురా?” యని కూలివాడు ప్రశ్నించిన, భూస్వామి సమాధాన మేమి చెప్పగలడు? ఆ ప్రశ్న న్యాయము. 2025 ఉగాదినుండి తెలంగాణ ప్రభుత్వము చౌకదుకాణములలో మనిషికి ఆఱుకిలోల సన్నబియ్యమును ఉచితముగ నిచ్చుట కారంభించినప్పుడు బీదలు సంతోషించిరన్న, అది రుచికొఱకు మాత్రమే కాదు. దొర తిను బియ్యము తామును దినుచున్నామను తృప్తికొఱకు. ఈ తృప్తిని గేలిసేయువాడు దేశహితుడు కానేరడు. కావుననే బోధ పైపంక్తినుండి రావలెనని మేమనుట. దొర మొదట దంపుడన్నము తిని, తన బిడ్డ పెండ్లిలో జొన్నరొట్టె వడ్డించిన, అది బీదవాని తిండి యను నింద తొలగిపోవును. తాను తెల్లన్నము తినుచు నొరులకు రాగిజావ నుపదేశించువాని మాట గాలికి బోవును, పోవుటయు న్యాయమే.

రెండవ యాక్షేపణ స్త్రీల పక్షమునుండి వచ్చును. రోకలిపోటు సుఖమని పాటలలో జెప్పవచ్చును గాని, తెల్లవారుజామున లేచి దంచిన చేతుల నడిగిన నిజము తెలియును. మరలు వచ్చి యాఁడువారిని రోటివద్దనుండి విడిపించినవి. వారిని మరల నటకు బంపుమని మేమెన్నడు నడుగము. అక్కఱయు లేదు. నేటి మరలలో ఊక తీయు యంత్రము వేఱు, మెఱుగుపెట్టు యంత్రము వేఱు. మొదటిదానితో నిలిపి, రెండవదానిని ముట్టకున్న, లేదా యొక్కమాఱు తేలికగ దాకించిన జాలును. మరయజమానుని యా మాట యడుగు గిరాకి కావలెను గాని, రోలు కాదు.

మూడవ యాక్షేపణ నిలువను గూర్చినది. పొరలో నూనె యుండుటచేత నట్టి బియ్యము త్వరలో కారువాసన వేయును, పురుగును బట్టును. నిజమే. కాని వడ్లు గాదెలో నిలువయుండుట కేమి యడ్డము? మన పెద్దలు ధాన్యమును వడ్లుగ దాచి, నెలకో పక్షమునకో సరిపడునంత మాత్రమే దంచుకొనెడివారు. స్వంతవడ్లు గల రైతు నే డేమి చేయుచున్నాడు? కళ్ళమునుండి వడ్లనన్నిటిని కొనుగోలు కేంద్రమునకు దోలి, బస్తాలలో గట్టిన మెఱుగుబియ్యమును బజారున గొని తెచ్చుకొనుచున్నాడు. తన పొలపు గింజ తన యింటికి రాని వ్యవసాయము!

ప్రభుత్వముల కర్తవ్యమును గూడ జెప్పవలెను. 2021 ఆగస్టు 15వ తేదీన ప్రధానమంత్రి, చౌకదుకాణపు బియ్యములో నినుము, ఫోలికామ్లము, బి-12 విటమిను చేర్చి పంచుదుమని ప్రకటించిరి. రక్తహీనత గల దేశమున నుద్దేశము మంచిదే. కాని గింజకు స్వభావముగ నున్న పొరను ఖర్చుపెట్టి తీయుటయు, మఱల ఖర్చుపెట్టి యంత్రములో జేసిన గింజలను గలుపుటయు జూచిన, ముంగిట నున్న బావిని బూడ్చి నీళ్ళబండికై యెదురుచూచువాని కథ తలపునకు వచ్చును. పొర తీయుట కొంత తగ్గించి, కిలోబియ్యము తగ్గినచోట నరకిలో కందిపప్పు నిచ్చి, మెట్టసీమల జొన్న, రాగులను మద్దతుధరకు వరివలెనే నిక్కముగ గొని, ఆ జిల్లాలలోనే పంచిన, ప్రజారోగ్యమునకును, నీటికిని, రైతునకును మేలగును. వరికి గిట్టుబాటు నిశ్చయము, జొన్నకు సందేహము అయినంతకాలము ఏ రైతును జొన్న విత్తడు. జహీరాబాదు ప్రాంతమున దళిత స్త్రీలు సంఘములుగ నేర్పడి, బీడుభూములలో చిరుధాన్యములను బండించి, తమ విత్తనములను దామే కాపాడుకొని, 2019లో అంతర్జాతీయ బహుమానమును బొందిరి. ఎకరము రెండెకరములు గల వారు చేయగలిగినది, ఇరువదియెకరముల రైతు చేయజాలడనుట పరిహాసాస్పదము.

భూస్వాములకును, పట్టణవాసులకును మా విన్నప మిది. మీ గాదెలో సంవత్సరపు తిండిగింజలు వడ్లుగ నిలిపి, పక్షమున కొకమాఱు మెఱుగులేకుండ నాడించుకొనుడు. మెట్టచెక్క యొక్కటి యింటి వాడుకకు జొన్నకో, రాగికో విడువుడు. పట్టణమున నున్నవారు మర యజమానిని, దుకాణదారుని మెఱుగు తక్కువ బియ్యమే యడుగుడు. పదిమంది యడిగిన పదునొకండవవానికొఱ కతడే తెచ్చియుంచును. రాత్రిపూట యన్నము మాని రొట్టెయో, సంకటియో పెందలకడ భుజింపుడు. ఒక ముద్ద తగ్గించి యొక గరిటె పప్పు హెచ్చింపుడు. ఇదివఱకే మధుమేహమునకు మందులు వాడువారు వైద్యుని సలహాతోనే మార్పులు చేసికొనవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, మీ యింటి శుభకార్యమున నూఱుమంది చూచుచుండగ దంపుడన్నమును, జొన్నరొట్టెను పంక్తిలో వడ్డింపుడు. నూఱు వ్యాసములు చేయలేని పని యా యొక్క వడ్డన చేయును.

పరప్రభుత్వమును దొలగించుట కీ దేశము జైళ్ళు నింపినది, లాఠీదెబ్బలు దిన్నది. తన విస్తరినుండి యొక వృథామర్యాదను దొలగించుట కంత త్యాగ మక్కఱలేదు. నాలుక కొక నెల యభ్యాసము చాలును. తెలుపు చూపున కింపైన రంగు. బలము మాత్రము పొరలో నున్నది. ఏది తన బిడ్డల కీయదగినదో తెలుగు గృహస్థుడు నిర్ణయించుకొనును గాక.